గ్యారేజీలో పగడాలు: ఒక సెకండ్‌హ్యాండ్ ట్యాంకు డైరీ

జనవరి మొదటి వారం: బేరం

పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, 75 గాలన్లది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 21 అంగుళాల ఎత్తు. మన లెక్కలో సుమారు 284 లీటర్లు. కింద చెక్క స్టాండు, అందులో సంప్ (నీళ్లు శుభ్రమయ్యే కింది తొట్టి), ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది), నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు. పైన రెండు ఎల్‌ఈడీ లైట్లు, లోపల నీళ్లని కదిలించే రెండు వేవ్‌మేకర్లు. మేముండేది డాలస్‌కి ఉత్తరాన ప్లేనోలో. అమ్మే ఆయన కూడా దగ్గర్లోనే ఉంటాడు, వేరే రాష్ట్రానికి మారిపోతున్నాడు. ట్యాంకు చూసుకునే తీరిక లేక చాలాకాలమైందని ఆయనే చెప్పాడు. చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది: అద్దాలకు పాచి, రాళ్ల నిండా హెయిర్ ఆల్గే, ఏ సందులో చూసినా ఐప్టేషియా. ఈ ఐప్టేషియా గోధుమరంగులో ఉండే చిన్న అనిమోన్. ఉప్పునీటి ట్యాంకులకు పట్టే పీడల్లో మహా మొండిది.

చూసి వద్దనుకుని వచ్చేయాల్సిన సరుకే. కానీ రాళ్ల మధ్య ప్రాణంతో ఉన్నవి కొన్ని కనబడ్డాయి. వెనక అద్దమంతా పాకిన గ్రీన్ స్టార్ పాలిప్స్, అరచేతంత టోడ్‌స్టూల్ లెదర్, నీడలో మష్రూమ్ పగడాలు, గుప్పెడు జోవాంథిడ్లు. ఇవన్నీ మెత్తటి రకాలు, ఓ పట్టాన చావవు. రాతి పగడాల్లో రెండే మిగిలాయి. ఒకటి మూడు తలల హ్యామర్. రెండోది నారింజరంగు మాంటిపోరా క్యాప్రికోర్నిస్ పలక, అప్పటికే సగం తెల్లబడింది. ఆ పలక చూసే కొన్నాను.

పాత ట్యాంకు కొనేవాళ్లు తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: ఎప్పుడైనా రాగి మందు వాడారా? చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే రాగితో వైద్యం చేస్తారు. ఆ రాగి రాళ్లలోకి, సిలికోన్‌లోకి ఇంకి, తర్వాత మెల్లగా నీళ్లలోకి వస్తూ నత్తల్నీ రొయ్యల్నీ పగడాల్నీ చంపుతుంది. లేదన్నాడాయన. ఆయన మాటకంటే అద్దం మీద పాకుతున్న నత్తల్నే నేను ఎక్కువ నమ్మాను.

అక్కడే ఆల్కలినిటీ, అంటే నీళ్లలో కార్బొనేట్ పాలు ఎంతుందో, చూశాను. 5.9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం). సముద్రంలో ఇది 7 దగ్గర ఉంటుంది, ట్యాంకుల్లో 8, 9 మధ్య పెట్టుకుంటాం. రాతి పగడం నీళ్లలోంచి కాల్షియాన్నీ కార్బొనేట్‌నీ తీసుకుని అస్థిపంజరం కట్టుకుంటుంది. అది పెరుగుతున్నంతసేపూ ఆల్కలినిటీ తరుగుతూ ఉంటుంది, మనం పోస్తూ ఉండాలి. రోజుకి ఎంత తరుగుతోందో రాసుకుంటే పగడం ఎంత పెరుగుతోందో కంటికి కనబడకముందే తెలుస్తుంది. నోట్‌బుక్‌లో దానికొక గడి గీశాను.

జనవరి: తరలింపు

బయట చలి గడ్డకట్టిస్తోంది. ట్యాంకు ఒక పూటలో ఖాళీ చేసి, కడిగి, అదే రోజు మళ్లీ నింపే పని పెట్టుకోలేదు. పశువులకు నీళ్లు పెట్టే 100 గాలన్ల ప్లాస్టిక్ తొట్టి ఒకటి కొన్నాను. టెక్సస్‌లో దాణా కొట్లలో దొరుకుతుంది. గ్యారేజీలో పెట్టి, ముందురోజే ఉప్పునీళ్లు కలిపి, హీటర్ వేసి, వేవ్‌మేకర్ తిప్పి ఉంచాను. ట్యాంకు బాగుపడేదాకా పగడాలకు అదే ఇల్లు.

తీయడానికి ఒక వరస ఉంది. ముందు పగడాలు, వాటి నీళ్లతోనే వేరువేరు బకెట్లలోకి. తర్వాత రాళ్లు. చేపలు చివర్న. రాళ్లుండగా క్లౌన్ ఫిష్‌ని పట్టాలని చూస్తే పొద్దుపోతుంది, రాళ్లు తీసి నీళ్లు జానెడు లోతుకి దింపితే చిన్న వల చాలు. బకెట్లను థర్మోకోల్ పెట్టెల్లో దించి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టాం. మా ఆయన హీటర్ ఫుల్లుగా పెట్టి కారు నడుపుతూ దారిపొడుగునా చెమటలు కక్కాడు.

పాత ఇసకని మాత్రం ఇంటికి తేలేదు. గరిటెతో ఒకచోట కదిపితే కింద నల్లటి పొర, కుళ్లిన కోడిగుడ్ల వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఏళ్లతరబడి పేరుకున్న చేపల మలం, తిండి అంతా ఆ ఇసకలోనే ఉంటుంది. కడిగి వాడొచ్చని అమ్మినాయన అన్నాడు. కొత్త ఆరగొనైట్ ఇసక ఖర్చు చూస్తే ఆ రిస్కు అక్కర్లేదు. పాత నీళ్లు సగం తెచ్చుకున్నాను. మేలు చేసే బ్యాక్టీరియా నీళ్లలో పెద్దగా ఉండదు, రాళ్ల రంధ్రాల్లో ఉంటుంది. నీళ్లు తెచ్చింది పగడాలకు ఒక్కసారిగా షాక్ తగలకూడదని, అంతే.

ఫిబ్రవరి: ఖాళీ ట్యాంకు

గీకుడు పని. అద్దాలకు అంటుకున్న గులాబీరంగు కోరలైన్ ఆల్గే సున్నపు పొర. బ్లేడుతో గీకితే అద్దానికి గీతలు పడతాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గుడ్డలు తడిపి రాత్రంతా అతికించి ఉంచితే తెల్లారేసరికి చేత్తో తుడిస్తే వచ్చింది. స్కిమ్మర్, రిటర్న్ పంపు, వేవ్‌మేకర్లు విడదీసి అదే నీళ్లలో పడేశాను. బుసబుసమని నురగ వచ్చింది, తీసేసరికి ఇంపెల్లర్లు కొత్తవాటిలా ఉన్నాయి. బ్లీచింగ్‌తో కడగాలనుకుంటే అది వేరే రోజు, వేరే నీళ్లతో. ఆమ్లం, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. గ్యారేజీ తలుపు మూసి ఉంటే ప్రాణం మీదికొస్తుంది.

సిలికోన్ రెండు రకాలుగా ఉంటుంది. అద్దానికీ అద్దానికీ మధ్య ఇరుక్కుని ట్యాంకుని పట్టి ఉంచేది ఒకటి, మూలల్లో లోపలివైపు పట్టీలా కనబడేది ఒకటి. మొదటిదాన్ని ముట్టుకోలేదు, గట్టిగా ఉంది. రెండోది ఒక మూల లేచిపోయింది. లేచిన చోట మటుకే అతుకేస్తే లాభం లేదు, కొత్త సిలికోన్ పాతదానికి సరిగ్గా పట్టుకోదు. లోపలి పట్టీ మొత్తం బ్లేడుతో తీసేసి, అద్దాన్ని ఎసిటోన్‌తో తుడిచి, నాలుగు మూలలూ అడుగూ ఒకే విడతలో వేశాను. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్‌రూమ్ సిలికోన్ పనికిరాదు. రెండు రోజుల్లో ఆరుతుందంటారు కానీ వారం ఆగాను. తర్వాత పెరట్లో మంచినీళ్లతో నింపి, చుట్టూ అట్టముక్కలు పరిచి వదిలేశాను. అట్ట తడవలేదు.

ఇంకో మాట. ఓవర్‌ఫ్లో కోసం, అంటే నీళ్లు సంప్‌లోకి దిగడానికి, ట్యాంకుకి రంధ్రం చేయాలనుకునేవాళ్లు ముందు అది టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దమా కాదా చూసుకోవాలి. ఈ సైజు ట్యాంకుల్లో అడుగు అద్దం తరచు టెంపర్డ్. డ్రిల్ పెట్టారంటే అద్దమంతా రవ్వరవ్వైపోతుంది.

ఫిబ్రవరి చివర: రాళ్లు, ఒక హెచ్చరిక

ఈ భాగం చదవకుండా దాటేయకండి. జోవాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా అనే వాటిలో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో దొరికే అత్యంత తీవ్రమైన విషాల్లో అదొకటి. ట్యాంకులో చూస్తూ కూర్చుంటే ఏమీ చేయదు. కానీ ఇవి ఉన్న రాళ్లని శుభ్రం చేద్దామని వేడినీళ్లు పోసినా, ఉడకబెట్టినా, పొడిగా బ్రష్షుతో రుద్దినా విషం ఆవిరితో, తుంపర్లతో గాల్లో కలుస్తుంది. జ్వరం, దగ్గు, ఆయాసం మొదలై ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన కేసులున్నాయి. 2012, 2014 మధ్య అలాస్కాలో ఇలా జరిగినవాటి మీద అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నివేదిక కూడా ఇచ్చింది. యూట్యూబ్‌లో రాళ్లు ఉడకబెట్టే వీడియోలు ఇంకా ఉన్నాయి. చూస్తే ఒళ్లు మండుతుంది.

నేను చేసింది ఇది. జోవాలున్న రాళ్లని అసలు రుద్దలేదు, అలాగే తొట్టిలోకి వెళ్లాయి. మిగిలినవి బయట పెరట్లో, ఉప్పునీటి బకెట్‌లో ముంచి ఉంచి, నీళ్లలోపలే బ్రష్ చేశాను. కళ్లద్దాలు, మోచేతుల దాకా గ్లోవ్స్, చేతి మీద చిన్న గాయం కూడా లేకుండా చూసుకున్నాను. పిల్లల్నీ కుక్కనీ లోపల పెట్టి తలుపేశాం.

హెయిర్ ఆల్గే పోయిన రాళ్లు మూత ఉన్న డబ్బాలో, హీటర్‌తో, పంపుతో, వెలుగు లేకుండా ఉన్నాయి. వెలుగు లేక ఆల్గే చస్తుంది, బ్యాక్టీరియాకి వెలుగుతో పనిలేదు. చచ్చే ఆల్గే ఫాస్ఫేట్‌ని నీళ్లలోకి వదుల్తుంది కాబట్టి నీళ్లు మారుస్తూ ఉండాలి. ఐప్టేషియాలు మరీ గుంపుగా ఉన్న నాలుగు రాళ్లని ఎండబెట్టేశాను.

మార్చి: నీళ్లు

కుళాయి నీళ్లు ఈ పనికి పనికిరావు. నీళ్లలో కరిగినవన్నీ తీసేసే ఆర్ఓ డీఐ ఫిల్టర్ తప్పనిసరి, కరిగినవి ఎంతున్నాయో కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. మా వైపు ఊళ్లకు నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మున్సిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదిలో ఎక్కువకాలం క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడుతుంది. మామూలు కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ని సులువుగా పట్టేస్తుంది కానీ క్లోరమైన్‌ని పట్టడానికి క్యాటలిటిక్ కార్బన్ కావాలి. లేకపోతే క్లోరమైన్ విడిపోయి అమ్మోనియాగా దాటుకుని వస్తుంది, డీఐ రెజిన్ చూస్తుండగానే అయిపోతుంది. ప్రతి వసంతంలోనూ కొన్ని వారాలు పైపులు శుభ్రం కావడానికి క్లోరమైన్ ఆపి ఉత్త క్లోరిన్ పంపుతారు. ఆ రోజుల్లో కుళాయి తిప్పగానే స్విమ్మింగ్ పూల్ వాసన. ఆ వారాలు మొదలవకముందే కార్బన్ మార్చాను.

ఉప్పు లీటరుకి 36 నుంచి 40 గ్రాములు పడుతుంది, బ్రాండుని బట్టి. లక్ష్యం 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35), సాంద్రత లెక్కలో 1.026. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మంచినీళ్లతో సున్నాకి సరిచేసుకుంటే చాలనుకోకూడదు. 35 పీపీటీ ద్రావణం చిన్న సీసా దొరుకుతుంది, దాంతో సరిచూస్తేనే మనకు కావాల్సినచోట అది నిజం చెబుతుంది.

నా చిన్నప్పుడు కాకినాడ బీచ్‌లో పగడాలెందుకు లేవని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడైతే చెప్పగలను. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు నీటిని మసకబారుస్తుంది, మంచినీళ్లు ఉప్పదనాన్ని తగ్గిస్తాయి. వానాకాలం తర్వాత బంగాళాఖాతం ఉత్తరభాగంలో పైనీటి లవణీయత 30 కంటే తక్కువకి పడిపోతుంది. దిబ్బలు కట్టే పగడాలకు తేటనీళ్లు, ఎండ, నిలకడైన ఉప్పు కావాలి. అందుకే మన దేశంలో పెద్ద దిబ్బలు లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి.

ఏప్రిల్: మళ్లీ నింపాం

ట్యాంకు హాల్లోకి వచ్చింది. నిండాక నీళ్లు, రాళ్లు, స్టాండు అన్నీ కలిపి 400 కిలోల పైనే. మా ఇల్లు కాంక్రీట్ స్లాబ్ మీదే ఉంది కాబట్టి దిగులు లేదు, మేడమీది అపార్ట్‌మెంట్‌లో అయితే ఆలోచించాల్సిందే. కరెంటు తీగలన్నీ సాకెట్ కంటే కిందికి ఒక వంపు వేలాడేలా కట్టాను, కారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా నేలమీద పడుతుంది. హీటర్ ఒక పెద్దది బదులు రెండు చిన్నవి, బయట కంట్రోలర్‌తో. హీటర్ పాడైతే ఆఫ్ అయి ఊరుకుంటే అదృష్టం, ఆన్‌లో ఇరుక్కుంటే ట్యాంకు ఉడుకుతుంది. రెండు చిన్నవైతే ఒకటి ఇరుక్కున్నా అంత వేడెక్కదు.

రాళ్లలో బ్యాక్టీరియా బతికే ఉంది. అమ్మోనియా ఒకటి రెండు రోజులు కాస్త కనబడి పోయింది. ఇసక మీద గోధుమరంగు డయాటమ్స్ వచ్చాయి, వాటంతటవే పోతాయి, వదిలేశాను. నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.08 పీపీఎం (పదిలక్షల భాగాల్లో ఎన్నో). వీటిని సున్నా చేయాలని మందులు పోసేవాళ్లున్నారు. సున్నా అయితే డైనోఫ్లాజెలేట్లు అనే జిగట పీడ రావచ్చు, అది ఆల్గే కంటే నూరురెట్లు విసిగిస్తుంది.

ఐప్టేషియాలు మాత్రం యుద్ధమే. కత్తిరించినా నలిపినా మిగిలిన ముక్క మళ్లీ మొలుస్తుంది. సున్నపు పొడిని చిక్కటి పేస్టులా కలిపి సిరంజితో నేరుగా దాని నోట్లో పెడితే చస్తుంది, పంపులు ఆపి పెట్టాలి. చేయి దూరని సందుల్లో ఉన్నవాటికి పెప్పర్‌మింట్ రొయ్యలు తెచ్చాను. మొదట్లో నేను చేపలకు వేసే తిండి తిని కూర్చున్నాయి. తిండి తగ్గించాక రాత్రిపూట పనిలోకి దిగాయి.

ఆల్కలినిటీ గడి: రోజుకి 0.1 తగ్గుదల. అంటే దాదాపు ఏమీ లేదు.

మే: సున్నపు తేట, మొదటి కోత

అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చారు. ఆల్కలినిటీ, కాల్షియం రెండూ ఒకేసారి ఇచ్చే చవకైన పద్ధతి సున్నపు తేట. ఇక్కడి హాబీవాళ్లు కాల్క్‌వాసర్ అంటారు. ఆవిరై పోయిన నీటిని భర్తీ చేయడానికి మామూలు నీళ్లకు బదులుగా దీన్ని చుక్కచుక్కగా పంపిస్తే చాలు. వంటింట్లో జాడీలో కలుపుతుంటే అత్తయ్యగారు వచ్చి నిలబడ్డారు.

"ఏంటమ్మాయ్, సున్నమా?"

"అవునండీ, పగడాలకి."

"మరలా గిలక్కొడుతూ ఉంటావేం? కలిపి వదిలెయ్. తేరుకున్నాక పై తేట ఒంపుకో. అడుగు కదిపావంటే మళ్లీ మొదటికొస్తుంది. మూత పెట్టు, లేకపోతే తెట్టు కడుతుంది."

ప్యాకెట్ వెనక ఉన్నది కూడా ఇదే. ఆ తెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సోకి ఏర్పడే కాల్షియం కార్బొనేట్, అది పగడాలకు అందదు. అడుగున మిగిలేదాంట్లో మలినాలు చేరతాయి. తన తాంబూలం సున్నం వాడమన్నారు కానీ అందులో ఇంకేం కలిసిందో తెలియదని వద్దన్నాను. ఊరగాయలకు అమ్మే శుద్ధమైన సున్నం తెచ్చుకున్నాను.

తేట పీహెచ్ 12 దాటుతుంది, జాగ్రత్త. పూర్తి గాఢతతో నాలుగు లీటర్లు ఇస్తే ఇంత ట్యాంకులో ఆల్కలినిటీ ఒకటిన్నర దాకా పెరుగుతుంది. నా ట్యాంకు ఖర్చు 0.2 కూడా లేదు. అందుకని బాగా పలచగా మొదలుపెట్టాను. ఎంత తింటే అంతే పెట్టాలి.

మెత్తటి పగడాల కోత కూడా ఈ నెల్లోనే. గ్రీన్ స్టార్ పాలిప్స్ చాపలా అద్దానికి పరుచుకుంటాయి, అంచు పట్టుకుని లాగి కత్తెరతో ముక్కలు చేసి సూపర్‌గ్లూ జెల్‌తో సిరామిక్ ప్లగ్గులకు (పగడపు ముక్కల్ని నిలబెట్టే చిన్న దిమ్మలు) అంటించడమే. మష్రూమ్‌ని నోరు మధ్యగా పడేలా రెండుగా కోస్తే రెండూ బతుకుతాయి. దాన్ని గ్లూ పట్టుకోదు, జారిపోతుంది. రాతిముక్కలున్న చిన్న గిన్నెలో వేసి పైన వల కట్టి ఉంచితే తనే ఒక రాయికి అతుక్కుంటుంది. టోడ్‌స్టూల్ తలని పదునైన బ్లేడుతో ఒక్క వేటుకి తీసి, ముక్కల్ని రబ్బరు బ్యాండుతో వదులుగా కట్టాను. మొండెం ముడుచుకుని మైనంలాంటి పొర వేసుకుంది, తర్వాత కొత్త తల తొడిగింది. కోసిన రోజున నీళ్లలోకి రసాయనాలు వదుల్తుంది, పక్క పగడాల్ని అవి దెబ్బతీస్తాయి. కార్బన్ సంచీ కొత్తది పెట్టి, ఎక్కువ నీళ్లు మార్చాను.

జూన్: హ్యామర్

మూడు తలల్లో ఒకటి ఒక రాత్రిలో పోయింది. పొద్దున చూస్తే కండ మీద గోధుమరంగు జిగురు, ఊదితే ఊడి వస్తోంది. బ్రౌన్ జెల్లీ అంటారు. సూక్ష్మజీవులు కుళ్లిన కండని తింటూ పక్క తలకు పాకుతాయి. ఆ జిగురు ట్యాంకులో చెదిరిపోతే మిగతావాటికీ అంటుకుంటుంది. పంపులు ఆపి, సన్నటి గొట్టంతో దాన్ని పీల్చి బయట పారేసి, పగడాన్ని బకెట్‌లోకి తీశాను. హ్యామర్ కొమ్మలుగా పెరిగే రకం కాబట్టి బతికి ఉన్న కండకి బాగా కిందగా, ఉత్త ఎముక ఉన్నచోట బోన్ కట్టర్‌తో కోయొచ్చు. చచ్చిన కొమ్మ తీసేసి, మిగిలిన రెండింటినీ అయోడిన్ కలిపిన ఉప్పునీళ్లలో ముంచి, వేరువేరు ప్లగ్గుల మీద, ట్యాంకులో చెరో చివర పెట్టాను. మళ్లీ వస్తే రెండూ ఒకేసారి పోకూడదని.

రెండూ నిలబడ్డాయి. వారాల తర్వాత ఒకదాని నోరు సాగి మధ్యలో నొక్కు పడింది. తల రెండుగా చీలుతోంది.

అదే నెల్లో గాలివానకు కరెంటు పోయింది. ఉప్పునీటి ట్యాంకులో ముందు అయిపోయేది ఆక్సిజన్, వేడి తర్వాత సంగతి. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, పగడాలకు తిండి ఆపేసి కూర్చున్నాం. ఒక వేవ్‌మేకర్‌కి బ్యాటరీ బ్యాకప్ ఆ వారమే కొన్నాను.

ఆల్కలినిటీ తగ్గుదల: 0.25. కోరలైన్ గులాబీ మచ్చలు రాళ్ల మీద మొదలయ్యాయి, అదీ ఇందులో వాటా తీసుకుంటుంది.

ఆగస్టు: పలక విరిచాను

మాంటిపోరా పలకలో తెల్లబడిన సగం మీదకి నారింజరంగు మళ్లీ పాకుతూ వచ్చింది. పగడాలు పెంచేవాళ్ల క్లబ్బులో ఒకరి దగ్గర పార్ మీటరు (పగడానికి అందే వెలుగు కొలిచేది) అరువు తెచ్చి చూస్తే అది ఉన్నచోట 80. మెత్తటి పగడాలకు అది చాలు, దీనికి కనీసం 150 కావాలి. లైటు పెంచడం వారానికి కొద్దికొద్దిగానే. పగడం కండలో ఉండే సూక్ష్మ ఆల్గే ఎండని ఆహారంగా మార్చి పెడుతుంది. వెలుగు ఒక్కసారిగా పెంచితే పగడం ఆ ఆల్గేనే వెళ్లగొట్టి తెల్లబడుతుంది. సముద్రం వేడెక్కినప్పుడు దిబ్బలకు జరిగేది కూడా ఇదే, అక్కడ కారణం వేడి.

అంచు చుట్టూ తెల్లటి సన్నగీత కనబడిన తర్వాతే కోతకు పూనుకున్నాను. ఆ గీత కొత్త పెరుగుదల. కోతంటే కోత కాదు, బిస్కెట్‌లా చేత్తో విరిస్తే విరుగుతుంది. బొటనవేలి గోరంత ముక్కలు, ప్లగ్గు మీద గ్లూ చుక్క, నొక్కి పట్టుకోవడం, అంతే. ముక్క మొదట పైకి పెరగదు. గ్లూ మీదుగా ప్లగ్గంతా పాకి పట్టు దొరికాకే పలక విప్పుతుంది. ఒకే పగడం తాలూకు చిన్న ముక్కల్ని పక్కపక్కన పెడితే కలిసిపోయి త్వరగా చోటంతా ఆక్రమిస్తాయి. ఫ్లోరిడాలో మోట్ మెరైన్ లాబొరేటరీ దెబ్బతిన్న దిబ్బల మీద నిదానంగా పెరిగే పగడాల్ని ఈ పద్ధతిలోనే నాటుతోంది. రెండు ప్లగ్గుల మీద మూడేసి ముక్కలు పెట్టి చూస్తున్నాను.

వరలక్ష్మీ వ్రతం నాడు ఒక వింత. ఇంటినిండా పేరంటాళ్లు, ఏసీ కోసం కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, వంటింట్లో గ్యాసు పొయ్యి పొద్దుట్నుంచీ వెలుగుతోంది. సాయంత్రానికి ట్యాంకు పీహెచ్ 7.75. ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అది నీళ్లలో కరిగి పీహెచ్ పడిపోతుంది, ఆల్కలినిటీ మామూలుగానే ఉంటుంది. దీనికి బాటిల్లో మందు పోయక్కర్లేదు. స్కిమ్మర్ గాలి పీల్చుకునే సన్నగొట్టాన్ని గోడలోంచి బయటికి తీశాం. మరుసటి వారం రాత్రిపూట కూడా 8.0 కంటే కిందికి రాలేదు. సంప్‌లో కీటోమార్ఫా ఆల్గేకి లైటు రాత్రిపూట వేస్తున్నాను, పగలు పగడాలు, రాత్రి అది, కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటూ ఉంటాయి.

తగ్గుదల: 0.5.

సెప్టెంబరు: మార్పిడి

అమ్మడం మొదలుపెట్టలేదు, మార్చుకుంటున్నాను. గ్రీన్ స్టార్ ముక్కలకు ఇక్కడ ఎవరూ మొహం చూడరు, అందరి దగ్గరా ఉంటాయి. మాంటిపోరా ప్లగ్గులకు ఒక డంకన్ పగడం, రెండు రకాల జోవాలు వచ్చాయి. వచ్చినదేదైనా సరే ముంచుడు మందులో ముంచి, గ్యారేజీలో చిన్న ట్యాంకులో వేరుగా ఉంచాకే లోపలికి. మాంటిపోరా తినే తెల్లటి నూడిబ్రాంక్‌లు (గుల్లలేని సముద్రపు నత్తలు) బియ్యపు గింజలో సగం ఉండవు. మందుకి అవి చస్తాయి కానీ గుడ్లు చావవు. పాత ప్లగ్గు విరిచి పారేసి కొత్తదానికి అంటించుకోవడం మేలు.

ఇళ్లలో పెంచిన ముక్కలకి విలువ పెరగడానికి ఒక కారణముంది. 2018లో ఇండోనేషియా పగడాల ఎగుమతి ఆపేసింది, 2020లో పెంపకం పగడాలతో మళ్లీ తెరిచింది. ఆ మధ్యకాలంలో ఇలాంటి మార్పిడులు ఇక్కడివాళ్లకి బాగా అక్కరకొచ్చాయి.

వైజాగ్‌లో ఉన్న మా మేనల్లుడు ఫొటోలు చూసి, "అత్తా, నేనూ పెడతాను, ఇక్కడెవరో అమ్ముతున్నారు" అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. చచ్చిన పగడం ముక్క అమ్మినా నేరమే. వాడికి క్లౌన్ ఫిష్‌లతో, రాళ్లతో చేపల ట్యాంకు పెట్టుకోమన్నాను. సెంట్రల్ మెరైన్ ఫిషరీస్ పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్‌ల్ని హేచరీలో పెంచే పద్ధతులు ఎప్పుడో తయారుచేసింది. సముద్రంలోంచి పట్టినవి కాకుండా హేచరీ పిల్లలే అడిగి తెచ్చుకోమన్నాను.

అక్టోబరు: ఇప్పటి పరిస్థితి

తగ్గుదల 0.7. అంటే కాల్షియం రోజుకి దాదాపు 5 పీపీఎం చొప్పున ఖర్చవుతోంది. ట్యాంకుకి 8.3 దగ్గర నిలకడ దొరికింది. దాన్ని 9 చేద్దామని కూడా చూడటం లేదు. ఒక్కరోజులో 7 నుంచి 9కి ఎగిరే ట్యాంకు కంటే ఏడాదంతా 7.5లో ఉన్న ట్యాంకులో పగడాలు బాగా పెరగడం క్లబ్బులో చాలాచోట్ల చూశాను.

సమస్య ఇప్పుడు సున్నపు తేటది. వేసవిలో సంప్ మీద ఫ్యాన్లు తిరిగాయి, రోజుకి నాలుగు లీటర్ల పైనే ఆవిరయ్యేది, తేట పంపడానికి బోలెడు చోటు. ఫ్యాన్లు ఆపేశాక రెండు లీటర్లకి పడిపోయింది. పూర్తి గాఢతతో పంపినా రెండు లీటర్లకి వచ్చేది 0.75. హ్యామర్‌కి నాలుగు తలలయ్యాయి, ర్యాక్ మీద మాంటిపోరా ప్లగ్గులన్నీ పట్టు దొరికి పలక విప్పుతున్నాయి. వచ్చే నెలకి ఇది చాలదు.

అందుకని డోసింగ్ పంపు ఆర్డర్ చేశాను. ఒక తలకి కాల్షియం క్లోరైడ్, ఒక తలకి సోడా యాష్, రెండూ ట్యాంకులో ఒకేచోట పడకుండా సంప్‌లో దూరదూరంగా. తేట పగలు ఆపి రాత్రికి మార్చుతాను, పీహెచ్ పడేది అప్పుడే కదా. అత్తయ్యగారు వచ్చే వారం వెళ్లిపోతున్నారు, జాడీ పని ఇక మా ఆయనది.